గీత పైన ఒక స్టారు, గీత కింద నాలుగు: విక్టోరియా రాష్ట్ర ఓటింగ్‌పై నా రివ్యూ

మెల్‌బోర్న్ తెలుగువాళ్ళం బిర్యానీకి రివ్యూ రాస్తాం, కారు మెకానిక్‌కి రాస్తాం, పిల్లల ఈత క్లాసులకి రాస్తాం. నాలుగేళ్ళకోసారి పౌరసత్వం ఉన్న ప్రతివాళ్ళూ వాడి తీరాల్సిన సర్వీసు ఒకటుంది, వాడకపోతే ఇంటికి ఫైను నోటీసు వస్తుంది. దానికి మాత్రం ఎవరూ రివ్యూ రాయరు. విక్టోరియా రాష్ట్ర ఎన్నికల్లో ఓటు వేయడం గురించే చెప్తున్నా. 2026 నవంబరు 28న మళ్ళీ ఎన్నికలు. కొత్తగా సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ళు మా పాయింట్ కుక్‌లో వీధికి పదిమంది ఉన్నారు కాబట్టి, కొనబోయేముందు చదువుకుంటారని రాస్తున్నా.

ముందే చెప్పేస్తా. ఇక్కడ ఒకేసారి రెండు సరుకులు చేతికిస్తారు. చిన్న కాగితం దిగువ సభకి, పెద్ద కాగితం ఎగువ సభకి. చిన్నది బాగుంటుంది, కాస్త ఓపిక కావాలి. పెద్దదాని మీద అడ్డంగా లావుపాటి గీత ఒకటి ఉంటుంది. గీత కింద వాడుకుంటే నాలుగు స్టార్లు ఇస్తాను. గీత పైన వాడితే ఒక్కటే, అదీ కాగితం నాణ్యతకి.

చిన్న కాగితం సంగతి మొదట. విక్టోరియా దిగువ సభలో 88 సీట్లు, నియోజకవర్గానికి ఒక్కరే గెలుస్తారు. అక్కడిదాకా మన అసెంబ్లీ లాగే ఉంటుంది. తేడా ఏమిటంటే మనం ఒక గుర్తు మీద నొక్కి వచ్చేయడం కుదరదు. అభ్యర్థులందరికీ వరసగా 1, 2, 3 అని నంబర్లు వేయాలి. 2022లో మా పాయింట్ కుక్‌లో పదిహేను మంది నిలబడ్డారు. పదిహేను గళ్ళు, పదిహేను నంబర్లు. టిక్కు కుదరదు. ఇద్దరికి ఒకే నంబరు వేసినా కుదరదు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఎన్నికల్లో దిగువ సభకి నూటికి ఐదు ఓట్లకు పైనే చెల్లకుండా పోయాయి. కావాలని ఖాళీ కాగితం వేసినవాళ్ళు ఎప్పుడూ ఉంటారనుకోండి. కానీ అభ్యర్థులు పెరిగేకొద్దీ నంబర్లు తప్పేవాళ్ళూ పెరుగుతారు.

ఎందుకింత తతంగం? మా తెలుగు అసోసియేషన్ పిక్నిక్ ఊహించుకోండి. ఇరవై కుటుంబాలు, ఒకే వంటకం చెప్పాలి. ఎనిమిది కుటుంబాలు మటన్ బిర్యానీ అన్నాయి. ఏడు పనసకాయ బిర్యానీ, ఐదు పనీర్ బిర్యానీ. చేతులెత్తించి లెక్కపెడితే మటన్ గెలిచింది, పన్నెండు శాకాహార కుటుంబాలు పెరుగన్నం తెచ్చుకోవాలి. అదే రెండో ఇష్టం కూడా రాయించామనుకోండి. ఎవరికీ సగం దాటలేదు కాబట్టి అందరికన్నా తక్కువ వచ్చిన పనీర్‌ని తీసేస్తారు. ఆ ఐదు కుటుంబాలు రెండోది పనస అని రాసి ఉంటే అవి పనసకి చేరతాయి. ఏడు, ఐదు పన్నెండు. వంటకం తేలిపోయింది. మటన్‌వాళ్ళకి అన్యాయం జరిగిందా? ఎనిమిది ఎనిమిదిగానే ఉన్నాయి. ఆ ఎనిమిది చీటీల మీద రెండో నంబరు ఎవరూ చూడనే లేదు, అవసరం పడలేదు.

ఇది సరదాకి చెప్పిన ఉదాహరణే గానీ, ఆస్ట్రేలియాలో జాతీయ స్థాయిలో ఈ పద్ధతి రావడానికి కారణం అచ్చం ఇలాంటి గొడవే. 1918లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగింది. లేబర్ తరఫున ఎడ్విన్ కోర్బాయ్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు నిలబడ్డాడు. ఎదుటి పక్షం ఓటు రైతుల అభ్యర్థికీ నేషనలిస్టు అభ్యర్థికీ చీలిపోయింది. మూడోవంతు ఓట్లు కాస్త దాటగానే కుర్రాడు గెలిచి పార్లమెంటుకి వెళ్ళాడు. ఆ ఏడాదే ప్రభుత్వం హడావుడిగా నంబర్ల పద్ధతి తెచ్చింది. ఎవరి ఇంటికి నిప్పంటుకుంటే వాళ్ళే బావి తవ్వుతారు కదా. విక్టోరియా రాష్ట్రం అంతకు ముందే, 1911లోనే, నంబర్లు మొదలుపెట్టింది.

ఈ మధ్య ఉదాహరణ కావాలంటే మా పక్కనే ఉన్న వెర్రిబీ. అక్కడి సభ్యుడు, రాష్ట్ర ఆర్థిక మంత్రి టిమ్ పల్లాస్ రాజీనామా చేశాక 2025 ఫిబ్రవరి 8న ఉప ఎన్నిక పెట్టారు. మన తెలుగువాళ్ళు ఇళ్ళు కట్టుకున్న పేట కదా, ఆ వారాంతం ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఇదే చర్చ. మొదటి నంబర్లు లెక్కపెడితే లేబర్‌కీ లిబరల్‌కీ రెండింటికీ ముప్ఫై శాతం కూడా రాలేదు. మన ఊళ్ళో అయితే ఆ రాత్రే ఒకరు బాణాసంచా కాల్చేసేవారు. ఇక్కడ మిగతా అభ్యర్థుల చీటీలన్నీ వాటి మీది నంబర్ల ప్రకారం పంచేదాకా ఆగాల్సి వచ్చింది. చివరికి లేబర్ బొటాబొటీ తేడాతో నిలబెట్టుకుంది. పెద్ద పార్టీలు రెండూ ఒద్దనుకుని వేరేవాళ్ళకి ఒకటో నంబరు వేసినవాళ్ళే ఆ రెండింటిలో ఎవరు గెలవాలో తేల్చారు. ఈ సరుకులో నాకు నచ్చిన సంగతి ఇదే. ఓడిపోయేవాడికి వేసినా ఓటు చెత్తబుట్టలోకి పోదు.

మా పక్కింటి అంకుల్ గుంటూరులో బ్యాంకులో చేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గరికి వచ్చి, సిటిజన్‌షిప్ తీసుకుని, ఇక్కడ మొదటిసారి ఓటు వేసింది 2022లోనే. ఎన్నికలకి ముందు వారం అభ్యర్థుల జాబితా ప్రింటు తీసుకుని మా ఇంటికొచ్చారు.

"అమ్మాయ్, పదిహేను మందికీ వేయాలంటావా? వీళ్ళలో ఒక్కడి మొహం కూడా నేను చూడలేదే!"

"వేయాలి అంకుల్. మధ్యలో ఆపితే ఓటు చెల్లదు."

"నాకు గిట్టనివాడికి నా చేత్తో నేను నంబరు వేయడమేంటమ్మా?"

"గిట్టనివాడికి పదిహేను వేయండి. వాడికన్నా మిగతా పద్నాలుగు మంది నయమని చెప్పినట్టే కదా."

ఆ మాట ఆయనకి నచ్చింది. వెంటనే జాబితాలో ఒక పేరు వెతికి, పక్కన 15 వేసి, రెండుసార్లు దిద్ది లావు చేశారు. తర్వాత 14. అలా కిందనుంచి పైకి వచ్చారు. ముందు ద్వేషాలు తీర్చుకుని, తర్వాత ప్రేమల దగ్గరికి వచ్చారన్నమాట. పైనుంచి 1, 2, 3 వేసుకుని, కిందనుంచి 15, 14, 13 వేసుకుంటే మధ్యలో తెలియనివాళ్ళు మాత్రమే మిగులుతారు. వాళ్ళ గురించి ఫోన్లో పది నిమిషాలు చదివితే సరిపోతుంది. రబ్బరుతో చెరిపి చెరిపి ఆయన తెచ్చిన కాగితం నలిగిపోయింది గానీ, పనైపోయింది. ఇలా ఇంట్లో రాసుకున్న చీటీ లోపలికి తీసుకెళ్ళొచ్చు, చూసి వేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ ఓపిక కూడా లేనివాళ్ళు పైనుంచి కిందికి వరసగా 1 నుంచి 15 వేసేసి వెళ్ళిపోతారు. దానికి ఇక్కడ డాంకీ ఓటు అని పేరు. అది చెల్లుతుంది కూడా. అందుకే బ్యాలెట్ మీద ఎవరి పేరు ముందు రావాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు, పై గడి దొరికినవాళ్ళు లోలోపల మురిసిపోతారు.

ఆయన ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో అయితే ఒకటో నంబరు వేస్తే చాలు, రెండోది నుంచి మన ఇష్టం, ఎక్కడైనా ఆపొచ్చు. మా తమ్ముడు ఖమ్మంలో ఉంటాడు. 2021లో వాళ్ళ ఖమ్మం, వరంగల్, నల్గొండ స్థానానికి 71 మంది, హైదరాబాద్ వైపు స్థానానికి 93 మంది పోటీ చేశారు. బ్యాలెట్ దినపత్రిక అంత ఉందని అప్పట్లో అందరూ నవ్వుకున్నారు. అక్కడ ఇక్కడిలా అందరికీ నంబర్లు వేయమంటే పోలింగ్ మర్నాటికి గానీ తెమలదు. అయినా అక్కడ పట్టాలు పుచ్చుకున్నవాళ్ళ ఓట్లే వేలల్లో చెల్లకుండా పోతుంటాయి. టిక్కు పెట్టేవాళ్ళు, సంతకం చేసేవాళ్ళు, పోలింగ్ కేంద్రంలో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్ను వదిలి జేబులోని పెన్ను తీసేవాళ్ళు. 2024 ఉప ఎన్నికలో 52 మంది బరిలో ఉంటే, ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేస్తూ రెండో ప్రాధాన్యం లెక్కపెట్టేసరికి మా తమ్ముడు టీవీ ముందే నిద్రపోయాడు.

నంబర్ల లెక్క అంటే మన తెలుగువాళ్ళకి అసలు పెద్ద కథే ఉంది. 1969 రాష్ట్రపతి ఎన్నిక గుర్తు తెచ్చుకోండి. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ఒకవైపు, అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి మరోవైపు. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ కోటా, అంటే గెలవడానికి కావాల్సినన్ని ఓట్లు, రాలేదు. మూడో స్థానంలో ఉన్న సి.డి.దేశ్‌ముఖ్ ఓట్లు ఎక్కువ భాగం సంజీవరెడ్డికే వెళ్ళాయి, అయినా అందలేదు. చివరి లెక్క 4,20,077కి 4,05,427. రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్యంతో తేలడం అదొక్కసారే, తలపడింది ఇద్దరూ మనవాళ్ళే. అందుకే ఈ పద్ధతి మనకి అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంక పోలింగ్ రోజు అనుభవం. శనివారం పెడతారు, స్కూళ్ళలో, కమ్యూనిటీ హాళ్ళలో. ముందుగా వేయాలనుకుంటే ఎర్లీ వోటింగ్ సెంటర్లు తెరిచి ఉంటాయి. నాకు మాత్రం శనివారం స్కూల్లో వేయడమే ఇష్టం, కారణం ఆ సందడి. గేటు బయట రకరకాల రంగుల టీషర్టులవాళ్ళు చేతిలో కార్డులు పెడతారు. వాటిని హౌ టు వోట్ కార్డులంటారు, ఎవరికి ఏ నంబరు వేయాలో వాళ్ళ పార్టీ ఇష్టప్రకారం అచ్చేసి ఉంటుంది. పోలింగ్ రోజు పంచాలంటే ఎన్నికల కమిషన్ దగ్గర రిజిస్టరు చేయించాలి. తీసుకోండి, తీసుకోకపోండి, గౌరవంగా ఉంటారు. ఒక పార్టీ తరఫున నిలబడ్డ కుర్రాడు మాత్రం నన్ను చూడగానే "నమస్తే ఆంటీ" అని హిందీలో మొదలుపెట్టి, పక్కనున్న కార్డు తీసుకోవద్దని వెంటపడ్డాడు. ఆంటీ అన్నందుకు ఆ పార్టీని రెండు నంబర్లు కిందికి దించుదామనిపించింది, దించలేదు.

లోపలికెళ్తే ఆధార్ అడిగేవాళ్ళు లేరు, ఏ ఐడీ అడగరు. పేరు, చిరునామా చెప్పమంటారు, ఈ ఎన్నికలో ఇప్పటికే ఓటు వేశారా అని అడుగుతారు, జాబితాలో గీత కొడతారు. అంతే. వేలికి సిరా కూడా పెట్టరు. అంకుల్ చెయ్యి చాపి కాసేపు అలాగే నిలబడ్డారు పాపం. అట్టతో చేసిన బూత్, దారంతో కట్టిన పెన్సిల్, అట్టపెట్టెలో ఓటు. ఇంత డబ్బున్న దేశంలో ఈ అట్టలేంటని నవ్వొచ్చినా, క్యూ కదిలిన వేగానికి ఐదు స్టార్లు ఇవ్వాల్సిందే. బయట స్కూలు పిల్లల అమ్మానాన్నలు నిధుల కోసం సాసేజ్‌లు కాలుస్తుంటారు, బ్రెడ్డులో పెట్టి ఇస్తారు. ఓటు వేసి అది తినడం ఇక్కడ ఆచారం. శాకాహారులు ఉల్లిపాయ వేపుడు పెట్టమని అడగొచ్చు, పెడతారు, కాకపోతే కాల్చింది అదే పెనం మీద.

ఇప్పుడు పెద్ద కాగితం. అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది దీని వల్లే.

ఎగువ సభలో 40 మంది సభ్యులు. రాష్ట్రాన్ని ఎనిమిది రీజియన్లు చేసి, ఒక్కో దాంట్లో ఐదుగురిని ఎన్నుకుంటారు. పాయింట్ కుక్, వెర్రిబీ, టార్నీట్ అన్నీ వెస్టర్న్ మెట్రోపాలిటన్ రీజియన్ కిందికి వస్తాయి. ఐదు సీట్లు కాబట్టి గెలుపుకి కోటా మొత్తం చెల్లిన ఓట్లలో ఆరోవంతు, దాని మీద ఒకటి. అంటే పదహారున్నర శాతం పైచిలుకు. అది దాటినవాళ్ళు గెలిచినట్టే. దాటగా మిగిలిన ఓట్లు వృథా కాకుండా తర్వాతి నంబరువాళ్ళకి బదిలీ అవుతాయి. కోటా వెయ్యి అనుకుంటే, ఒకామెకి పదిహేను వందలు వచ్చాయనుకుందాం. మిగులు ఐదు వందలు. ఏ ఐదు వందల చీటీలు మిగులు అని ఎలా తేలుస్తారు? తేల్చరు. పదిహేను వందల చీటీలూ బదిలీ చేస్తారు, ఒక్కొక్కటి మూడోవంతు విలువతో. ఇంతవరకు చాలా న్యాయమైన లెక్క. ఒక్క రూపాయి కూడా పక్కకి పోనివ్వని పాత గుమాస్తా పని లాగా ఉంటుంది. 2006 నుంచి ఎగువ సభకి ఈ పద్ధతే.

చిక్కంతా గీతతో వచ్చింది. కాగితం పై భాగంలో పార్టీల గళ్ళు ఉంటాయి, 2022లో మా రీజియన్‌లో ఇరవైకి పైగా. గీత కింద ఆ పార్టీల అభ్యర్థుల పేర్లు విడివిడిగా. రెండు దార్లు. పైన నచ్చిన పార్టీ గడిలో ఒకే ఒక్క 1 వేసి వచ్చేయొచ్చు. లేదా కింద మనుషుల పేర్ల పక్కన 1 నుంచి కనీసం 5 వరకు వేయాలి, ఆపైన ఎన్ని వేసినా మన ఇష్టం. పదిహేను గళ్ళు నింపి అలిసిపోయి వచ్చిన మనిషికి ఈ దుప్పటంత కాగితం ఇస్తే ఏం చేస్తాడు? హమ్మయ్య అనుకుని పైన 1 వేస్తాడు. పదిమందిలో దాదాపు తొమ్మిది మంది చేసేది అదే.

అలా 1 వేశాక ఏం జరుగుతుంది? 2, 3, 4 మనం వేయలేదు కదా. ఆ పార్టీ ఎన్నికలకి ముందే ఎన్నికల కమిషన్‌కి ఒక టికెట్ ఇచ్చి ఉంటుంది. అందులో అన్ని పార్టీల అభ్యర్థులందరికీ వాళ్ళకి నచ్చిన వరసలో నంబర్లు ఉంటాయి. మన ఓటు ఆ టికెట్ పట్టుకుని ప్రయాణం చేస్తుంది. మొదటి స్టేషన్ మనం చెప్పిందే. ఆ తర్వాత ఏ ఊళ్ళో దిగుతుందో మనకి తెలియదు. ఆ టికెట్లు దాచిపెట్టరు, వెబ్‌సైట్‌లో పెడతారు, పోలింగ్ కేంద్రంలో పుస్తకంగా కూడా ఉంచుతారు. లైన్లో నిలబడి ఆ పుస్తకం తిరగేసినవాళ్ళని నేనైతే చూడలేదు.

దీనివల్ల చిత్రాలు జరుగుతాయి. 2018లో సదరన్ మెట్రోపాలిటన్ రీజియన్‌లో గ్రీన్స్ పార్టీకి మొదటి నంబర్లు నూటికి పదమూడుకి పైగా వచ్చాయి, సీటు రాలేదు. సస్టైనబుల్ ఆస్ట్రేలియా అనే పార్టీకి నూటికి ఒకటిన్నర కూడా రాలేదు, సీటు వచ్చింది. అదే ఏడాది ఈస్టర్న్ మెట్రోపాలిటన్‌లో టాక్సీవాళ్ళ సమస్యల మీద పుట్టిన ట్రాన్స్‌పోర్ట్ మ్యాటర్స్ పార్టీ అభ్యర్థి ఒక్క శాతం కన్నా తక్కువతో గెలిచాడు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2021లో ఇంకా ఘోరం, డేలైట్ సేవింగ్ పార్టీ అభ్యర్థి మొదటి నంబరు ఓట్లు 98తో ఎగువ సభకి వెళ్ళాడు. తొంభై ఎనిమిది! మా వీధి దీపావళికి అంతకన్నా ఎక్కువమంది వస్తారు.

చిన్న పార్టీలు గెలవకూడదని నేను అనడం లేదు. ఆ ఓట్లు వేసినవాళ్ళు నిజంగా ఒకటి తర్వాత రెండు అని వాళ్ళనే కోరుకుని ఉంటే 98 మొదటి ఓట్లతో గెలిచినా నాకు అభ్యంతరం లేదు, వెర్రిబీలో లేబర్ గెలిచినట్టే అది కూడా. కోరుకున్నది ఓటరు కాదు, టికెట్ రాసినవాళ్ళు. అక్కడే నా పేచీ. చిన్న పార్టీలన్నీ ఒకరికొకరు ముందు నంబర్లు ఇచ్చుకుంటే, అందరి ఓట్లూ గుట్టగా పోగై ఎవరో ఒకరి ఒళ్ళో పడతాయి. ఈ ఒప్పందాలు కుదర్చడమే వృత్తిగా పేరు తెచ్చుకున్న గ్లెన్ డ్రూరీ అనే ఆయన్ని ఇక్కడి పత్రికలు ప్రిఫరెన్స్ విస్పరర్ అంటాయి. 2022లో ఆయన ఈ వ్యవహారం గురించి మాట్లాడిన వీడియో ఒకటి బయటపడి గగ్గోలైంది. అదే ఎన్నికలో యానిమల్ జస్టిస్ పార్టీ ఆయన కూటమిలో ఉన్నట్టే ఉండి, చివరి నిమిషంలో వేరే టికెట్ ఇచ్చి చెయ్యిచ్చింది. ఆ పార్టీకి ఒక సీటు కూడా వచ్చింది. మన రాజకీయాలు చూసి వచ్చినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. తేడా ఏమిటంటే అక్కడ గెలిచిన ఎమ్మెల్యే గోడ దూకుతాడు, ఇక్కడ ఓటే దూకుతుంది.

మా రీజియన్‌లో 2022లో లేబర్‌కి రెండు, లిబరల్‌కి రెండు సీట్లు పోగా ఐదోది లీగలైజ్ కెనబిస్ పార్టీకి వెళ్ళింది. అంటే గంజాయి చట్టబద్ధం చేయాలనే పార్టీ. వాళ్ళకి సొంతంగా అభిమానులు లేకపోలేదు, ఆ విధానం మీద నాకు పేచీ కూడా లేదు. కాకపోతే ఫలితం తెలిసిన రోజు మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దావిడ "మనం దీనికా ఓటేసింది?" అని అడిగితే ఎవరి దగ్గరా ఖచ్చితమైన జవాబు లేదు. గీత పైన వేసినవాళ్ళు తమ పార్టీ టికెట్ తెరిచి చూస్తే గానీ చెప్పలేరు. కొన్న సరుకేంటో కొన్నవాళ్ళకే తెలియనప్పుడు ఒక స్టారు కన్నా ఎక్కువెలా ఇవ్వను?

ఇదే గ్రూపులో ప్రతి ఎన్నికకీ తిరిగే ఇంకో మాట ఉంది. "ఫలానా పార్టీ మన ఓట్లని ఫలానా పార్టీకి ఇచ్చేసిందట" అని. చిన్న కాగితం విషయంలో అది శుద్ధ తప్పు. అక్కడ ఏ పార్టీకీ మన ఓటు ఇంకొకరికి ఇచ్చేయడం కుదరదు, కార్డు మీద అచ్చేసి బతిమాలగలదు, అంతే. నంబరు వేసేది మనమే. పెద్ద కాగితంలో గీత పైన మాత్రం అది అక్షరాలా నిజం. ఆ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

మిగతా ఆస్ట్రేలియా అంతా ఈ టికెట్ల సరుకుని షెల్ఫ్‌లోంచి తీసేసింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1999లో 264 మంది పోటీ చేస్తే బ్యాలెట్ మీటరు వెడల్పున అచ్చేయాల్సి వచ్చింది, దాన్ని టేబుల్‌క్లాత్ అని వెక్కిరించారు. ఆ దెబ్బతో అక్కడ టికెట్లు రద్దయ్యాయి. ఫెడరల్ సెనేట్‌కి, అంటే జాతీయ పార్లమెంటు ఎగువ సభకి, 2016లో తీసేశారు, తర్వాత దక్షిణ ఆస్ట్రేలియా, ఆ 98 ఓట్ల దెబ్బకి పశ్చిమ ఆస్ట్రేలియా. చివరికి విక్టోరియా ఒక్కటే మిగిలింది. రాష్ట్ర పార్లమెంటు సొంత కమిటీయే 2022 ఎన్నికల మీద విచారణ చేసి, గ్రూప్ టికెట్లు తీసేయమని 2024లో సిఫార్సు చేసింది.

మీరు ఎగువ సభ కాగితం అందుకున్నప్పుడు చేయాల్సిందల్లా కళ్ళు గీత కిందికి దించడం. అక్కడ మీకు నచ్చిన పార్టీ నిలువు వరసలో ఐదుగురు ఉంటే ఐదు నంబర్లు అక్కడే అయిపోతాయి. సాధారణంగా చిన్న పార్టీలు ఇద్దరినే నిలబెడతాయి, అప్పుడు మిగతా మూడు పక్క వరసల్లోంచి ఎంచుకోవాలి. ఐదుతో ఆపితే ఆ ఐదుగురూ రంగంలో లేకుండా పోయాక మీ ఓటు అక్కడితో ఆగిపోతుంది, అందుకే ఓపికుంటే పది పన్నెండు దాకా వేయండి. చిన్న కాగితంలో లాగా అందరికీ వేయమని బలవంతం లేదు. నంబరు రెండుసార్లు పడిందా, మధ్యలో ఏదైనా తప్పిందా అని ఒకసారి వేలు పెట్టి లెక్క చూసుకోండి. తప్పు రాస్తే కొట్టివేతలు చేయకుండా టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళండి, పాతది తీసుకుని కొత్త కాగితం ఇస్తారు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు చూస్తున్నారని టెన్షన్ పడకండి, సాసేజ్‌లు అయిపోవు.